ముప్పై వేలలో మొదటి కెమెరా: బెజవాడ, గుంటూరుల్లో కొనేవాళ్ల కోసం

కెమెరా కొందామని షాపుకి వెళ్లినవాళ్లు మొదట "ఎన్ని మెగాపిక్సెల్స్ అండీ?" అంటారు. తర్వాత "జూమ్ ఎంత?" అంటారు. ఈ రెండింటికీ జవాబు దొరికినా ఏది కొనాలో తేలదు. డబ్బు తక్కువ ఉన్నవాళ్లు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: బాడీ (లెన్స్ లేని కెమెరా) మీద ఎంత మిగిల్చి, లెన్స్ మీద ఎంత పెట్టగలం? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్త బాడీ, దాంతో వచ్చిన మామూలు లెన్స్ కంటే, బాగా చూసుకున్న పాత బాడీ, దానికో మంచి లెన్స్ ఎప్పుడూ మేలు. చేతిలో 30 వేలు ఉన్నాయనుకుని రాస్తున్నాను. 20 వేలే ఉంటే రెండో లెన్స్ కొన్నాళ్లు వాయిదా వేసుకోండి.

1. ఏం తీస్తారో ముందు తేల్చుకోండి

మంచి ఎండలో ప్రకాశం బ్యారేజీని ఫోనుతో ఒకటి, కెమెరాతో ఒకటి తీసి ఫోను తెర మీదే పక్కపక్కన చూస్తే తేడా పెద్దగా కనబడదు. కాబట్టి "ఫోను కంటే బాగా రావాలి" అన్నంత మాత్రాన కెమెరా కొనక్కర్లేదు. మీ ఫోను ఎక్కడ చేతులెత్తేస్తోందో చూసుకోండి. గ్యాలరీ తెరిచి, బాగా రాలేదని తిట్టుకున్న ఫోటోలన్నీ ఒకచోట పెట్టండి. మీ అవసరం అక్కడే బయటపడుతుంది.

ఎక్కువమందికి ఇబ్బంది వెలుతురు తక్కువగా ఉన్నచోట వస్తుంది. ఇంట్లో పరుగెత్తే పిల్లలు, ఫంక్షన్ హాల్లో బారసాల, దసరా రోజుల్లో సాయంత్రం బీసెంట్ రోడ్డు. మనిషి కదులుతాడు, ఫోను ఆ కదలికని చెరిపేసి మొహాన్ని మైనం పూసినట్టు చేస్తుంది. ఇక్కడ పెద్ద సెన్సర్ (కాంతిని పట్టి ఫోటోగా మార్చే చిప్), బాగా తెరుచుకునే, అంటే ఎక్కువ కాంతిని లోపలికి రానిచ్చే లెన్స్ రెండూ కావాలి.

పక్షులు తీసేవాళ్ల లెక్క వేరు. గుంటూరు పక్కన ఉప్పలపాడులో చెరువు మధ్య చెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు గూళ్లు కడతాయి. గట్టు మీద నుంచే బాగా కనిపిస్తాయి కాబట్టి 250 ఎంఎం లెన్స్‌తో (ఎంఎం అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనబడుతుంది) సర్దుకోవచ్చు. కొల్లేరులో ఆ లెన్స్‌తో తీస్తే నీళ్లు ఎక్కువ, పక్షి తక్కువ వస్తాయి.

ఉండవల్లి గుహలు, కొండపల్లి ఖిల్లా, కొండవీడు, అమరావతి తిరిగొస్తూ ఫోటోలు తీసుకుంటానంటే కిట్ లెన్స్ (బాడీతో పాటు వచ్చే మామూలు లెన్స్) చాలు. బరువు తక్కువగా ఉండటం ముఖ్యం. వీడియోలు, రీల్స్ అంటే మళ్లీ వేరే కథ: మైక్ పెట్టుకునే జాక్, ముందుకు తిరిగే తెర, వీడియోలో దానంతటదే ఫోకస్ పట్టే పద్ధతి ఉండాలి.

నాలుగూ చేస్తానంటే ఈ డబ్బు చాలదు. ఒకటి ఎంచుకుని మిగతావాటితో సర్దుకోవాలి. ఇక "పెళ్లిళ్లు తీసి ఈఎంఐ కట్టేస్తాను" అనుకునేవాళ్లకి ఒక మాట. పెళ్లి తీయాలంటే రెండు బాడీలు, ఫ్లాష్‌లు, బ్యాకప్ అన్నీ కావాలి. తాళి కట్టే క్షణం మళ్లీ రాదు. ముందు ఏదైనా స్టూడియోలో ఒక సీజన్ అసిస్టెంట్‌గా తిరగండి. వాళ్ల కెమెరాలు చేతిలోకి వస్తాయి, ఏది కొనాలో అక్కడే తెలుస్తుంది.

2. డబ్బు పంచుకోండి

30 వేలు మొత్తం బాడీ మీద పెట్టేసి, ఇంటికొచ్చాక మెమరీ కార్డు కోసం నాన్నని అడిగే పరిస్థితి తెచ్చుకోవద్దు. నేనైతే ఇలా పంచుతాను: కిట్ లెన్స్‌తో కలిపి సెకండ్ హ్యాండ్ బాడీకి 18 నుంచి 20 వేలు. బాగా తెరుచుకునే ఒక చిన్న లెన్స్‌కి 6 నుంచి 7 వేలు, అదీ సెకండ్ హ్యాండే. కార్డు, అదనపు బ్యాటరీ, బ్లోయర్ (గాలి ఊది దుమ్ము దులిపే రబ్బరు బుడ్డి), సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు) అన్నింటికీ కలిపి 3 వేలు. మిగిలింది ముట్టుకోకండి, సెన్సర్ శుభ్రం చేయించాల్సి వస్తే అప్పుడు పనికొస్తుంది.

పక్షుల వాళ్లు చిన్న లెన్స్ బదులు ఆ డబ్బుతో 55-250 లాంటిది సెకండ్ హ్యాండ్‌లో వెతకాలి.

3. పెట్టె మీద రాసిన అంకెల్లో ఏవి చూడాలి

మెగాపిక్సెల్స్ సంగతి ఒక్క లెక్కతో తేలిపోతుంది. 24 మెగాపిక్సెల్స్ అంటే 6000 అడ్డం, 4000 నిలువు చుక్కలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింటు వేస్తే 20 అంగుళాల ఫోటో వస్తుంది. 4కే టీవీకి ఎనిమిది మెగాపిక్సెల్స్ పైచిలుకు సరిపోతాయి. పాత 18 మెగాపిక్సెల్ బాడీ కూడా ఇంటి అవసరాలకి ఎక్కువే.

చూడాల్సింది సెన్సర్ సైజు. నికాన్, సోనీ ఏపీఎస్-సి (కింద చెప్పబోయే మోడళ్లన్నింటిలో ఉండే సైజు) సెన్సర్ సుమారు 23.5 ఇంటు 15.6 మిల్లీమీటర్లు ఉంటుంది; కెనాన్‌ది కొంచెం చిన్నది, 22.3 ఇంటు 14.9. "60ఎక్స్ జూమ్" అని పెద్ద అక్షరాలతో అమ్మే బ్రిడ్జ్ కెమెరాల్లో (లెన్స్ విప్పి మార్చుకోలేనివి) ఎక్కువ వాటి సెన్సర్ 6.2 ఇంటు 4.6 మిల్లీమీటర్లే. వైశాల్యంలో ఏపీఎస్-సి దానికి పది రెట్లు దాటి ఉంటుంది. చూడటానికి డీఎస్ఎల్ఆర్‌లాగే (లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకోగల కెమెరా) బొద్దుగా ఉండే ఆ కెమెరా లోపల ఇవాళ్టి చాలా ఫోన్ల సెన్సర్ కంటే చిన్నది ఉందన్నమాట. పగటిపూట దూరంగా ఉన్న పక్షి మీద సరదా తీరుతుంది. సాయంత్రం ఆరు దాటితే అంతే సంగతులు. పక్షులు తప్ప ఇంకేమీ తీయనని ఒట్టు పెట్టుకున్నవాళ్లకి తప్ప నేను అది సిఫారసు చేయను.

డీఎస్ఎల్ఆరా, మిర్రర్‌లెసా (లోపల అద్దం లేనిది)? కెనాన్, నికాన్ రెండూ 2020 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ మోడల్ తేలేదు. రెండూ మిర్రర్‌లెస్ వైపు వెళ్లాయి. మనకి ఇది మంచి వార్త. స్టూడియోల వాళ్లు మారుతుంటే వాళ్ల పాత బాడీలు, లెన్సులు మార్కెట్లోకి తక్కువ రేటుకి వస్తున్నాయి. పాతదైనంత మాత్రాన ఫోటో పాడవదు. పైగా డీఎస్ఎల్ఆర్ బ్యాటరీ బాగా ఆగుతుంది. నికాన్ డి3500 ఒక్క చార్జికి 1550 ఫోటోలని కంపెనీ లెక్క. పొద్దున కొండవీడు ఎక్కి సాయంత్రం దిగినా చార్జర్ అక్కర్లేదు.

మిర్రర్‌లెస్‌లో మాత్రం ఫోటో ఎంత తెల్లగా, ఎంత నల్లగా వస్తుందో తీయకముందే కళ్లెదుట కనబడుతుంది. నేర్చుకునేవాళ్లకి అది పెద్ద సాయం. వీడియోలో ఫోకస్ కూడా మెరుగు.

4. ఏ మోడళ్లు వెతకాలి

ఫోటోలే ముఖ్యమైతే నికాన్ డి3300, డి3400, డి3500, డి5300. కెనాన్‌లో 1500డి, 700డి. ఇందులో ఏది మంచి స్థితిలో ముందు దొరికితే అది తీసుకోండి. వీటి మధ్య ఉన్న తేడా మీ మొదటి ఏడాది ఫోటోల్లో కనబడదు.

వీడియో కూడా కావాలంటే కెనాన్ 200డి. 2017లో వచ్చింది, తెర తిరుగుతుంది, టచ్ ఉంది, మైక్ జాక్ ఉంది, వీడియోలో ఫోకస్ నెమ్మదిగా, తడబడకుండా మారుతుంది. 1500డి వీడియోకి పనికిరాదు. తీస్తుండగా దానంతటదే ఫోకస్ మార్చుకోదు, మైక్ జాక్ కూడా లేదు. నికాన్ డి3300లో మైక్ జాక్ ఉంది, దాని తర్వాత వచ్చిన డి3400లో తీసేశారు. కొత్తదైతే అన్నీ ఉంటాయన్న ధీమా వద్దు.

కెనాన్ 3000డి చవగ్గా కనబడుతుంది. లెన్స్ బిగించే రింగు ప్లాస్టిక్, తెర చిన్నది, దాని స్పష్టత కూడా తక్కువ. అదే డబ్బుకి పాత 700డి దొరుకుతుంటే రెండో ఆలోచన వద్దు.

మిర్రర్‌లెస్‌లో సోనీ ఎ6000, 2014 నాటిది, ఇప్పటికీ చురుకు. సెకనుకి 11 ఫోటోలు తీస్తుంది. చిక్కల్లా లెన్సులతోనే, సెకండ్ హ్యాండ్‌లో కూడా ఖరీదు. కెనాన్ ఎం50 కూడా చేతికి ముద్దుగా ఉంటుంది, కానీ ఆ ఎం రకం కెమెరాలని కంపెనీ 2023లో ఆపేసింది. రేపు కొత్త బాడీకి మారాలనుకుంటే ఆ లెన్సులు ఎందుకూ కొరగావు. ఇక 30 వేల కంటే బాగా ఎక్కువ పెట్టగలిగి, కొత్తదే కావాలనుకుంటే కెనాన్ ఆర్100, ఆర్50 చూడండి. పాత కెనాన్ లెన్సుల్ని అడాప్టర్‌తో వాటికి తగిలించుకోవచ్చు. ఆర్100లో టచ్ తెర లేదు, కొనేముందే తెలుసుకుని ఉండటం మంచిది.

5. లెన్స్: అసలు ఖర్చు ఇక్కడే

కిట్ లెన్స్ 18-55 మీద ఎఫ్ 3.5-5.6 అని రాసి ఉంటుంది. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది. జూమ్ పూర్తిగా లాగితే అది ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. అదే ఎఫ్ 1.8 లెన్స్ అయితే దాదాపు పదింతల కాంతిని లోపలికి తెస్తుంది. ఫంక్షన్ హాల్లో కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ (వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 6400 పెట్టాల్సిన చోట, దీంతో 640 దగ్గర్లో పెడితే సరిపోతుంది. ఇసకలాంటి నాయిస్ పోతుంది, వెనకాల షామియానా లైట్లు మెత్తగా కరిగిపోతాయి. 18 మెగాపిక్సెల్ పాత బాడీకి ఈ లెన్స్ పెడితే వచ్చే ఫోటో, సరికొత్త బాడీకి కిట్ లెన్స్ పెడితే రాదు.

కెనాన్‌కి 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్టీఎం సులువుగా దొరుకుతుంది. అయితే ఏపీఎస్-సి మీద 50 అంటే కాస్త దగ్గరగా లాగినట్టుంటుంది. పదడుగుల గదిలో ఒక మనిషి మొహానికి బాగుంటుంది, నలుగురిని నిలబెడితే మీ వీపు గోడకి తగులుతుంది. నికాన్‌కి 35 ఎంఎం ఎఫ్ 1.8జి ఉంది; ఇంట్లో ఫోటోలకి దాన్ని మించింది లేదు. అందుకే పిల్లల ఫోటోలే ప్రధానమైతే నేను నికాన్ వైపు మొగ్గుతాను.

నికాన్‌తో ఒక జాగ్రత్త. డి3000, డి5000 వరస బాడీల లోపల ఫోకస్ మోటారు ఉండదు, లెన్స్‌లో ఉండాలి. చవగ్గా దొరికే పాత 50 ఎంఎం ఎఫ్ 1.8డి లాంటివి వీటికి బిగుస్తాయి, ఫోటో కూడా తీస్తాయి, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పి అని ఉందో లేదో చూసి కొనండి. ఏఎఫ్-పి కూడా డి3200, అంతకంటే పాత బాడీల మీద ఫోకస్ అవ్వదు. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లకి ఈ గొడవ లేదు. ఈఎఫ్ ఆటోఫోకస్ లెన్స్ ఏ కాలంది పెట్టినా పనిచేస్తుంది.

కిట్ లెన్స్ కొనేటప్పుడు కూడా కెనాన్ అయితే ఐఎస్, నికాన్ అయితే వీఆర్ అన్న అక్షరాలు వెతకండి. చెయ్యి వణికినా ఫోటో చెదరకుండా ఆపేది అదే. అది లేని 18-55లు కూడా మార్కెట్లో తిరుగుతున్నాయి, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి.

6. ఎక్కడ, ఎప్పుడు

బెజవాడలో గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు, బీసెంట్ రోడ్డు వైపు, గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట వైపు తిరగండి. బోర్డు మీద "సెకండ్ హ్యాండ్" అని రాసి ఉండదు. ఆల్బమ్ సామాను అమ్మేచోట, కెమెరా రిపేరు చేసేచోట అడిగితే "ఫలానా ఆయన దగ్గరుంది" అంటారు. రిపేరు చేసేవాళ్ల దగ్గర కొనడం నాకిష్టం. ఏ కెమెరా లోపల ఏముందో వాళ్లకి తెలుసు, రేపు తేడా వస్తే మళ్లీ అదే గుమ్మం ఎక్కవచ్చు.

ఆషాఢంలోనో, మూఢంలోనో వెళ్లండి. ముహూర్తాలు లేనప్పుడు ఫోటోగ్రాఫర్లకి తీరిక ఉంటుంది, డబ్బు అవసరమూ ఉంటుంది. మాఘమాసంలో వెళితే కెమెరా చూపించడానికి కూడా ఎవరికీ ఖాళీ ఉండదు.

ఆన్‌లైన్ ప్రకటనల్లో "ఆర్మీలో చేస్తున్నాను, బదిలీ అయింది, పార్సిల్ చార్జీలు ముందు పంపండి" అన్నవాళ్లకి ఒక్క రూపాయి కూడా పంపకండి. కెమెరాని చేత్తో పట్టుకోకుండా డబ్బు కదలకూడదు. కొత్తదే కొంటున్నా, మిగతా చోట్ల కంటే మరీ తక్కువ రేటు చెబితే ఇండియా వారంటీ ఉందా, జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ వేస్తారా అని అడగండి. విదేశాల నుంచి తెచ్చిన సరుకైతే ఇక్కడి సర్వీస్ సెంటర్లో రిపేరుకి డబ్బు కట్టాల్సి వస్తుంది.

7. సెకండ్ హ్యాండ్ కెమెరాని పరీక్షించడం

ఈ భాగం తొందరపడకుండా చదవండి. వెళ్లేటప్పుడు మీ సొంత ఎస్డీ కార్డు, కార్డ్ రీడర్, ఆ రోజు తెలుగు పేపరు ఒకటి పట్టుకెళ్లండి. టార్చ్ ఫోనులోనే ఉంటుంది. పగటిపూటే వెళ్లండి. అమ్మేవాళ్లకి ముందే చెప్పండి: "అన్నా, ఒక అరగంట చూసుకుంటాను, ఏమీ అనుకోకండి." నిజాయితీగా అమ్మేవాళ్లు "చూసుకో తమ్ముడూ" అంటారు. "ఏం చూస్తావయ్యా, నా మాట నమ్మవా?" అన్నచోట టీ తాగేసి లేచి రావడమే.

బయటి నుంచి మొదలుపెట్టండి. అడుగున ఉన్న స్క్రూల తలలు గీరుకుపోయి ఉంటే ఎవరో విప్పారు. విప్పడం నేరం కాదు, ఎందుకు విప్పారో అడగండి. పట్టుకునే చోట రబ్బరు ఊడిపోతుంటే అది చిన్న ఖర్చు, బేరానికి పనికొస్తుంది. బ్యాటరీ లోపలికి సులువుగా జారాలి, బిగుసుకుంటే ఉబ్బిందన్నమాట.

తర్వాత లెన్స్ విప్పండి. దీన్ని ఎండలోకి కాదు, నీడలోకి తీసుకెళ్లండి. వెనక వైపు నుంచి టార్చ్ ఏటవాలుగా వేసి, ముందు వైపు నుంచి చూడండి. నికాన్ జి లెన్సులు విప్పగానే లోపలి రేకులు (కాంతి దారిని పెంచి తగ్గించేవి) మూసుకుంటాయి, వెనకాల ఉన్న చిన్న మీటని వేలితో మెల్లగా జరిపితే తెరుచుకుంటాయి. ఒకటి రెండు దుమ్ము చుక్కలు ఏ లెన్స్‌లోనైనా ఉంటాయి, వాటి వల్ల నష్టం లేదు. అంచు దగ్గర నుంచి సన్నటి తెల్లటి పోగులు సాలెగూడులాగా పాకుతుంటే అది ఫంగస్. కృష్ణ ఒడ్డున, కాలవల మధ్య ఉండే ఊళ్లలో వానాకాలం బీరువాలో పడేసిన లెన్స్‌కి ఇది మామూలు జబ్బు. "తుడిస్తే పోతుంది" అంటారు. తుడిచినా కొన్నిసార్లు గాజు మీది పూతని తినేసి ఉంటుంది. ఎంత తగ్గించినా వద్దు. ముందు గాజు మీద చిన్న గీత ఉంటే మాత్రం ఫోటోలో కనబడదు, వెనక గాజు మీద గీత కనబడుతుంది.

లెన్స్ బిగించి, ఎం మోడ్‌లో (అన్నీ మనమే పెట్టుకునేది) ఎఫ్ 16, షట్టర్ (సెన్సర్ ముందు తెరుచుకుని మూసుకునే తెర) ఒక సెకను పెట్టి, ముందు నుంచి లెన్స్ లోపలికి చూస్తూ క్లిక్ చేయండి. రేకులు చటుక్కున మూసుకుని, చటుక్కున తెరుచుకోవాలి. బద్ధకంగా కదిలితే వాటి మీద నూనె చేరింది.

ఇప్పుడు సెన్సర్. ఎఫ్ 16, ఐఎస్ఓ 100 పెట్టి, ఫోకస్ తప్పించి, ఆకాశాన్ని ఒకటి, తెల్లగోడని ఒకటి తీయండి. తెర మీద పెద్దది చేసి మూల నుంచి మూలకి జరుపుతూ చూడండి. రెండు ఫోటోల్లోనూ ఒకేచోట నల్లటి మచ్చ ఉంటే అది సెన్సర్ మీదుంది. దుమ్మయితే బ్లోయర్‌తో పోతుంది. మచ్చ బదులు సన్నటి గీత కనబడితే కొనకండి. లెన్స్ మూత పెట్టి నాలుగు సెకన్ల ఫోటో కూడా ఒకటి తీయండి. నల్లటి చిత్రంలో రెండు మూడు రంగు చుక్కలుంటే ఫర్వాలేదు, చుక్కల ముగ్గు కనబడితే బాలేదు.

షట్టర్‌ని 1/4000 (సెకనులో నాలుగువేలవ వంతు) దగ్గర పెట్టి ఆకాశాన్ని తీయండి. ఫోటోలో ఒక అంచు నల్లబడితే షట్టర్ తెర వెనకబడుతోంది. తర్వాత వరసగా పది ఫోటోలు గబగబా కొట్టండి, మధ్యలో ఆగి ఎర్రర్ చూపించకూడదు. ఫ్లాష్ లేచి వెలగాలి.

పేపరు తెచ్చింది ఇందుకు. గోడకి చదునుగా అతికించి, కెమెరాని ఎదురుగా తిన్నగా పెట్టి, లెన్స్ పూర్తిగా తెరిచి, 18 దగ్గర ఒకటి, 55 దగ్గర ఒకటి తీయండి. నాలుగు మూలల్లోనూ వత్తులు, గుడిదీర్ఘాలు చదవగలగాలి. మధ్య కంటే మూలలు కాస్త మెత్తగా ఉండటం సహజం. ఎడమ పక్క వత్తులు స్పష్టంగా ఉండి, కుడి పక్క "క్ష్మ" అలికినట్టుంటే లోపల ఒక గాజు పక్కకి ఒరిగింది. ఎప్పుడో కిందపడ్డ లెన్స్ అది.

చివరగా షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టారన్న లెక్క. "చూడు, ఫైల్ నంబర్ మూడు వేలే" అని తెర చూపిస్తారు. ఆ నంబరు 9999 దాటగానే మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది, కాబట్టి దానితో ఏమీ తేలదు. నికాన్ అయితే ఫోటో ఫైల్లోనే అసలు లెక్క దాగి ఉంటుంది. మీ కార్డులో ఒక ఫోటో తీసి, కార్డ్ రీడర్‌తో ఫోనులోకి తెచ్చుకుని, షట్టర్ కౌంట్ చూపించే సైటులో వేయండి. వాట్సాప్‌లో పంపించుకుంటే ఆ వివరాలు చెరిగిపోతాయి. కెనాన్‌లో చాలా మోడళ్ల ఫైల్లో ఇది ఉండదు, కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించి ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. నికాన్ డి3500 తరగతి బాడీల షట్టర్‌ని లక్ష క్లిక్కుల వరకు పరీక్షిస్తారు. 30, 40 వేలు తిరిగింది హాయిగా కొనవచ్చు. పెళ్లిళ్లు తిరిగిన బాడీ 80 వేలు దాటి ఉంటే ధర బాగా తగ్గాలి.

8. బేరం, బిల్లు

దొరికిన లోపాలన్నీ ఒకేసారి చెప్పి అవతలివాళ్ల సరుకుని తక్కువ చేస్తే మనసు కష్టపెట్టుకుంటారు, బేరం చెడుతుంది. ఒక్కో లోపానికీ ఖర్చు కట్టి అడగండి: "గ్రిప్ రబ్బరు మార్పించాలి, బ్యాటరీ కొత్తది కొనాలి, ఆ మేరకు చూసి ఇవ్వండి అన్నా." ఛార్జర్ కంపెనీదే అయి ఉండాలి. బాడీ అడుగున ఉన్న సీరియల్ నంబరు, పాత బిల్లు మీద నంబరు ఒకటేనా చూడండి. బిల్లు లేదంటే కనీసం అమ్మేవాళ్ల పేరు, నంబరు, సీరియల్ రాసి సంతకం పెట్టించుకోండి. ఎత్తుకొచ్చిన సరుకు మీ చేతికి వస్తే పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగేది మీరే. "వారం రోజుల్లో తేడా వస్తే వెనక్కి తీసుకుంటారా?" అని అడగడం మర్చిపోవద్దు. ఊళ్లో షాపు ఉన్నవాళ్లు చాలావరకు ఒప్పుకుంటారు.

9. కార్డు, బ్యాటరీ, మిగతావి

64 జీబీ కార్డు ఒకటి చాలు, వీ30 అని రాసున్నది. నకిలీ కార్డులు ఎక్కువ, కొన్నరోజే ల్యాప్‌టాప్‌లో నిండా నింపి, మళ్లీ చదివి చూడండి. నకిలీదైతే సగంలోనే ఫైళ్లు పాడవుతాయి. రబ్బరు బ్లోయర్ తప్పనిసరి. యూవీ ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే గాజు) అంటగడతారు, అక్కర్లేదు, ఆ డబ్బుకి లెన్స్ హుడ్ (పక్క వెలుతురుని ఆపే తొడుగు) కొనండి. తేలికపాటి ప్లాస్టిక్ ట్రైపాడ్ గాలికే ఊగుతుంది. అంతకంటే పిట్టగోడ నయం.

10. మన వాతావరణంలో దాచుకోవడం

తోలు సంచిలో, బీరువాలో బట్టల మధ్య పెట్టకండి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, లోపల సిలికా జెల్, వీలైతే తేమ చూపించే చిన్న మీటరు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. నీలం రంగు జెల్ గులాబీ రంగులోకి మారితే తేమ పీల్చి నిండిపోయిందని అర్థం, మార్చేయండి. బియ్యం డబ్బాలో పెట్టడం మాత్రం వద్దు, పిండి లెన్స్ లోపలికి పోతుంది. అన్నిటికంటే మంచి మందు వారానికోసారైనా బయటికి తీసి వాడటం.

ఏసీ గదిలోంచి జూలై సాయంత్రం బయటికి తెస్తే గాజు మీద నీటి పొర పడుతుంది. బ్యాగు మూసే ఉంచి, అరగంట ఆగి తీయండి. రోహిణీ కార్తెలో కారు డాష్‌బోర్డు మీద వదిలేయకండి. గుంటూరు మిర్చి యార్డులో ఎర్రటి రాశులు తీయాలని ఎవరికైనా ఉంటుంది, తీయండి, కానీ లెన్స్ అక్కడ మార్చకండి. ఆ ఘాటుకి మీరు తుమ్మి ఊరుకుంటారు. సెన్సర్ మీద పడ్డ కారం తనంతట తాను పోదు.

11. మొదటి వారం

వెనక్కి ఇచ్చే గడువు ముగిసేలోపు కెమెరాని బాగా తిప్పండి. ఒక సాయంత్రం బ్యారేజీ మీద లైట్లు, ఒక ఉదయం ఉండవల్లి. గుహ లోపల నిలబడి స్తంభాల మధ్య నుంచి బయటి పొలాలు వచ్చేలా తీయండి. లోపల చీకటి, బయట ఎండ. జేపెగ్‌లో (కెమెరా తయారుచేసి ఇచ్చే మామూలు ఫోటో ఫైలు) ఏదో ఒకటి పోతుంది. అదే ఫోటో రా ఫైల్లో (సెన్సర్ పట్టిందంతా ఉన్నదున్నట్టు దాచేది) కూడా తీసుంటే కంప్యూటర్లో రెండూ చాలావరకు వెనక్కి తెచ్చుకోవచ్చు. అందుకే మొదటి రోజు నుంచే రా, జేపెగ్ రెండూ వచ్చేలా పెట్టుకోండి.

మోడ్ చక్రాన్ని ఆటో మీద వదిలేయకండి. కెనాన్‌లో ఏవీ (Av), నికాన్‌లో ఏ (A) అన్న అక్షరం దగ్గర పెట్టి, ఐఎస్ఓని ఆటోలో ఉంచి గరిష్ఠం 3200కి కట్టేయండి. లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే ఎఫ్ అంకె ఒక్కటే మీ చేతిలో ఉంటుంది, దాన్ని తిప్పుతూ వెనకాల ఏం మారుతోందో చూడండి. పిల్లలు పరుగెత్తుతుంటే షట్టర్ 1/250 కంటే కిందికి రానివ్వకండి. ఏవీలో అది దిగిపోతుంటే షట్టర్ అంకెని మీరే పెట్టుకునే మోడ్‌కి, అంటే కెనాన్‌లో టీవీ (Tv), నికాన్‌లో ఎస్ (S) కి మారండి. బాడీ, లెన్స్ సీరియల్ నంబర్లు రెండూ ఫోనులో ఫోటో తీసి మీ మెయిల్‌కి పంపుకోండి, ఎప్పుడైనా పోతే ఫిర్యాదులో ముందు అడిగేది అవే.